సర్పంచి పదవి ఏకగ్రీవం అయితే ఊరికి మేలా, కీడా?

కాలువగట్టు, తెనాలి
2021 ఫిబ్రవరి పంచాయతీ ఎన్నికల్లో మాది ఏకగ్రీవం. రెండు వేలు దాటి ఐదు వేల లోపు జనాభా ఉన్న ఊరు ఏకగ్రీవం చేసుకుంటే పది లక్షలు ఇస్తామని అప్పుడు ప్రభుత్వం ప్రకటించింది, ఆ డబ్బు చూపించే పెద్దలు అందరి నోళ్లూ మూయించారు. మళ్లీ ఎన్నికల మాట రాగానే మళ్లీ అదే మొదలుపెట్టారు. నేనైతే వద్దనే అంటాను. పోటీ లేకుండా కుర్చీ ఎక్కినవాళ్లకి ఆ తర్వాత ఊరిని అడిగి చెయ్యాలన్న భయం ఉండదు. మా దగ్గర గ్రామసభకి పట్టుమని ఇరవై మంది రారు, మర్నాడు మినిట్స్ పుస్తకం ఇంటింటికీ తిరుగుతుంది, "ఇక్కడ సంతకం పెట్టమ్మా" అంటారు, చూస్తే కింద సంతకాలు ఉంటాయి గానీ పైన తీర్మానం రాయాల్సిన చోటు ఖాళీ.

పల్నాటి రైతుబిడ్డ
నేనుండేది గుంటూరే గానీ సొంతూరు గురజాల వైపు. ఎన్నిక జరిగితే మా దగ్గర ఏమవుతుందో మీకు తెలియదండీ. మా నాన్నగారి రోజుల్లో ఒక పంచాయతీ ఎన్నికతో ఊరు రెండుగా చీలి, ఒకరింట్లో పెళ్లికి ఇంకొకరు వెళ్లలేదు, గట్టు తగాదాలు కోర్టుకెక్కాయి. పైగా ఓటుకింత అని పంచి, అప్పు చేసి గెలిచినవాడు ఆ డబ్బు ఎక్కడ రాబట్టుకుంటాడు? పంచాయతీ పనుల్లోనేగా! పదిమంది కూర్చుని మంచివాణ్ణి ఒప్పించి నిలబెడితే తప్పేంటి?

వార్డు మెంబర్, కంకిపాడు
ఆ కూర్చునే పదిమందిలో ఆడవాళ్లు ఎంతమంది అన్నా? మన రాష్ట్రంలో సగం స్థానాలు మహిళలవి, కానీ మా ఊళ్లో గుడి అరుగు మీద మాటలైపోయాకే నామినేషన్ మీద సంతకానికి నన్ను పిలిచారు. ఎస్సీ రిజర్వేషన్ వచ్చినప్పుడు తమ పొలంలో కూలికి వచ్చే మనిషినే ఎంచుకుంటారు, ఎదురు చెప్పడని. బ్యాలెట్ అయితే నేను ఎవరికి వేశానో ఎవరికీ తెలీదు. అరుగు దగ్గర కాదన్నది ఎవరో ఊరందరికీ తెలుస్తుంది, రేపట్నుంచి కూలి పని ఉండదు. మీరు ఒప్పించడం అంటున్నది చాలామందికి బెదిరింపే.

ఆటోనగర్, బెజవాడ
ఎవరు గెలిచినా నిర్ణయించడానికి ఏముందండీ? 2021లో కేంద్రం నుంచి పంచాయతీలకొచ్చే ఆర్థిక సంఘం నిధుల్ని రాష్ట్ర ప్రభుత్వం కరెంటు బకాయిల కింద జమేసుకుంటే సర్పంచులు రోడ్డెక్కాల్సి వచ్చింది. ఖాళీ గల్లాపెట్టె కోసం ఈ కొట్లాట ఎందుకు?

కాలువగట్టు, తెనాలి
నిధుల బాధ నిజమే, కానీ వచ్చినదాన్ని ఎటు పెట్టాలన్నది చిన్న విషయం కాదు. 2021 నుంచి 2026 దాకా 15వ ఆర్థిక సంఘం గ్రాంటులో 60 శాతం తాగునీటికి, పారిశుధ్యానికే వాడాలని నిబంధన, మిగతా 40 శాతమే పంచాయతీ ఇష్టం. మా కాలనీకి పైపులైను అడిగితే "డబ్బుల్లేవు, రోడ్డుకి పోయాయి" అన్నారు. నీళ్ల వాటా రోడ్డుకి ఎలా పోయింది? ఓటరు జాబితాలో పేరున్న ప్రతివాళ్లూ గ్రామసభ సభ్యులే కదా, ఈ ప్రశ్న అడిగే హక్కు అందరికీ ఉంది. కానీ ఓడిన అభ్యర్థి అంటూ ఒకరుంటేనే పద్దులు తిరగేసి అడుగుతారు.

పల్నాటి రైతుబిడ్డ
మాదీ ఏకగ్రీవమే. అయినా 2024 ఆగస్టు 23న రాష్ట్రమంతా 13,326 పంచాయతీల్లో ఒకేరోజు గ్రామసభలు పెట్టినప్పుడు మా వాళ్లు బాగానే వచ్చి ఉపాధి పనుల మీద గట్టిగా నిలదీశారు. ఏకగ్రీవమైతే నోళ్లు మూతపడతాయని చెప్పకండి. ఈసారి మాటలు అరుగు మీద వద్దు, బడి ఆవరణలో పెడదాం, కాలనీ వాళ్లూ ఆడవాళ్లూ అందరూ వస్తారు. అప్పుడు కూడా ఒప్పుకోరా చెల్లెమ్మా?

వార్డు మెంబర్, కంకిపాడు
పెట్టండన్నా, మంచిదే. కానీ ఇష్టమున్న ఎవరైనా నామినేషన్ వెయ్యొచ్చని, ఉపసంహరించుకోమని వాళ్లింటికి ఎవరూ వెళ్లరని ఆ మీటింగులోనే అందరి ముందూ చెప్పించండి. మా దగ్గర రెండో నామినేషన్ వేసినాయన ఇంటి ముందు గడువు ముగిసే రోజు పొద్దున్నించీ మనుషులు కూర్చున్నారు, మధ్యాహ్నానికి వాళ్ల బండి మీదే తీసుకెళ్లి సంతకం పెట్టించారు. అలాంటిది జరక్కుండా ఒక్కరే మిగిలితే నేనూ చప్పట్లు కొడతాను. మీ పెద్దలు దీనికి ఒప్పుకుంటారేమో అడిగి చెప్పండి.