4.35 క్వింటాళ్లు 434 కిలోలు ఎట్లయితది?

ఓరుగల్లు పిల్లగాడు:
ఎనుమాముల మార్కెట్‌లో మా మామ అడ్తి (కమీషన్) దుకాణానికి పైథాన్‌లో చిన్న బిల్లింగ్ ప్రోగ్రామ్ రాసిచ్చాను. మొన్న ఒక రైతు తేజ మిర్చి 4 క్వింటాళ్ల 35 కిలోలు తూగింది, దడ్వాయి (తూకం వేసేటాయన) చీటీలో కూడా అంతే ఉంది, నేను 4.35 అని కొట్టి కిలోల కోసం 100తో గుణించి ఇంట్ (చుక్క లేని అంకె) చేస్తే తక్‌పట్టీ (రైతుకిచ్చే లెక్క చీటీ) మీద 434 పడింది. క్వింటాల్ 13,000 అంటే కిలోకు 130 రూపాయలు. ఆయన అక్కడే వేళ్ల మీద లెక్కేసి "కిలో మిరపకాయలు ఎవరు తిన్నరు బిడ్డా" అన్నడు, మామ ముందు పరువు పోయింది. మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లో డబ్బులన్నీ ఫ్లోట్ (చుక్క ఉన్న అంకెల రకం) లోనే ఉన్నాయి. తేదీలేమో టెక్స్ట్, 05-03-2025 వచ్చి 06-02-2025 కన్నా ముందు కూర్చుంటోంది. ఏం చేయాలి?

కాజీపేట జంక్షన్:
తమ్మీ, ఫ్లోట్ బైనరీలో దాచుకుంటుంది, అందులో 4.35 కచ్చితంగా ఇమడదు. 100తో గుణిస్తే 434.99999999999994 వస్తుంది, చుక్క తర్వాతదంతా ఇంట్ కోసేస్తుంది. రౌండ్ పెడితే ఈ పట్టీ గట్టెక్కుతుంది కానీ ఫ్లోట్‌లో సీజన్ మొత్తం కూడితే పైసలు తేడా కొట్టొచ్చు. బరువు కిలోల్లో, డబ్బు పైసల్లో, రెండూ చుక్క లేని అంకెలుగా పెట్టుకో. మామూలు ఇంట్ కాలమ్ మాత్రం వద్దు, అది 2,14,74,83,647 దగ్గర ఆగిపోతుంది, పైసల్లో చూస్తే రెండు కోట్ల 14 లక్షల చిల్లర రూపాయలే, మిర్చి సీజన్‌లో అడ్తి ఖాతాకు అదెంత? ఇంకా చాలా పెద్ద అంకెలు పట్టే బిగ్ఇంట్ పెట్టు.

పట్టీ రాసేటోడు:
నాకు పైసల పద్ధతి నచ్చదు. 56,550 రూపాయలకు టేబుల్‌లో 5655000 కనిపిస్తే గుమస్తా గుండె ఆగుతుంది. డెసిమల్ కాలమ్ తీసుకో, అది అంకెను మనం రాసినట్టే దాస్తుంది, చుక్క తర్వాత రెండంకెలు చాలు. పైథాన్‌లో డెసిమల్‌కు 4.35ని కోట్స్‌లో పెట్టి ఇవ్వు, లేకపోతే ఫ్లోట్ తప్పంతా దానిలోకి ఎక్కుతుంది.
తేదీకి డేట్ కాలమే. పాతవి మార్చేటప్పుడు 25-02 లాంటివి తప్పయితే ఇట్టే దొరుకుతాయి, రోజు 12 లోపు ఉన్నవే మోసం చేస్తాయి. మధ్యలో ఎక్సెల్‌లో తెరిచావా? సిస్టమ్‌లో అమెరికా సెట్టింగ్ ఉంటే 05-03ని మే 3 అనుకుంటుంది. కాగితం పట్టీల కట్ట పక్కన పెట్టుకుని చూసుకో, టైమ్ పడుతుంది, తప్పదు.

తెల్లారుజాము డ్యూటీ:
కూరగాయల దుకాణానికి రాసినప్పుడు నాకు ఇంకో దెబ్బ తగిలింది. పొద్దున 4 గంటలకు కొట్టిన బిల్లులన్నీ నిన్నటి తేదీతో వచ్చేవి, 6కి కొట్టినవి బాగానే ఉండేవి. సర్వర్ టైమ్ యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం)లో ఉంది, మన టైమ్ దానికన్నా ఐదున్నర గంటలు ముందు. బిల్లు తేదీ ఆసియా/కోల్‌కతా టైమ్ ప్రకారమే తీయండి.

ఓరుగల్లు పిల్లగాడు:
డెసిమల్‌కు మార్చా అన్నా, 435 వచ్చింది. పాత పట్టీలు తిరగేస్తే ఇంకో మూడింటిలో కిలో తగ్గింది, రైతులకు ఇవ్వాల్సిన పైసలు నా దగ్గరే వసూలు చేస్తానంటున్నాడు మామ.