పోస్టర్ డిజైన్: సాఫ్ట్‌వేర్ తెరవడానికి ముందు ఏం చేయాలి?

ప్రశ్న: ఏ3 పోస్టర్‌కి నేరుగా సాఫ్ట్‌వేర్ తెరిచి ఫాంట్లు మారుస్తూ కూర్చుంటున్నాను. గంటలు పోతున్నాయి, పోస్టర్ మాత్రం పేలవంగానే ఉంటోంది. అసలు పద్ధతి ఏంటండీ?

జవాబు 1: కాగితం తీసుకోండి. 5×7 సెం.మీ. గళ్లు ఓ 20 గీసి, ఒక్కోటీ ఓ బుల్లి పోస్టర్ అనుకుని, ఒక్కోదాన్నీ రెండు నిమిషాల్లో మార్కర్‌తో నలుపు, బూడిద, తెలుపు ముద్దలుగా నింపండి. అక్షరాలొద్దు, ముక్కూమొహం అసలే వద్దు. మొదటి అయిదారు అందరికీ తట్టేవే వస్తాయి, అందుకే 20. వాటిలో నచ్చిన మూడింటిని గోడకంటించి, నాలుగడుగులు వెనక్కి వేసి, కళ్లు చికిలించి చూడండి. చూపు ముందు ఎటు పోతోందో తేలకపోతే అది పక్కకి.

జవాబు 2: తెలుగు హెడ్డింగైతే వత్తుల సంగతి అప్పుడే తేల్చుకోవాలి. ఇంగ్లిష్‌కి చాలే 120 శాతం లైన్ స్పేసింగ్ (అక్షరం సైజుతో పోల్చి లైనుకీ లైనుకీ మధ్య దూరం) ఇస్తే పై లైనులో ‘రాష్ట్రం’ వత్తులు కింది లైను గుడుల మీద పడతాయి. 150తో మొదలుపెట్టి, కంటితో చూస్తూ తగ్గించండి.

జవాబు 3: రంగులు ఆఖర్న. బూడిద రంగుల్లో చదవలేనిది ఎరుపు పూసినా చదవలేం. ప్రింటుకి చుట్టూ 3 మి.మీ. బ్లీడ్ (కత్తిరించేటప్పుడు అంచున తెల్లగీత రాకుండా బయటికి పొడిగించే భాగం), 300 డీపీఐ (అంగుళానికి చుక్కలు). బ్లీడ్ కాక 3508×4961 పిక్సెళ్లు. తెరమీద మెరిసే చిలకపచ్చ సీఎంవైకేలో (ప్రింటుకి వాడే నాలుగు సిరాల రంగుల పద్ధతిలో) వెలిసిపోతుంది, ముందే మార్చి చూసుకోండి.