అప్‌డేట్: పాత పీడీపీ-11/23 కంప్యూటర్‌లో ఎల్‌ఏ120 ప్రింటర్ పనిచేస్తోంది

పోయిన నెల అడిగిన ప్రశ్న ఇది: ఆర్‌టీ-11 ఆపరేటింగ్ సిస్టమ్‌లో వీటీ100 టెర్మినల్ (తెర, కీబోర్డు) బాగానే నడుస్తోంది, ప్రింటర్ మాత్రం ఒక్క అక్షరం కూడా కొట్టడం లేదు, ఎందుకు? సమాధానాలు చెప్పిన అందరికీ థ్యాంక్స్. నిన్న రాత్రి పరిష్కారం దొరికింది.

తప్పులు రెండు. మొదటిది డ్రైవర్‌లో. నాలుగు సీరియల్ పోర్టులు (ఛానెళ్లు) ఉన్న డీఎల్‌వీ11-జే కార్డులో నేను ప్రింటర్ పెట్టింది ఛానెల్ 1కి. ఎల్‌ఎస్ హ్యాండ్లర్ (అంటే ప్రింటర్ డ్రైవర్) మాత్రం సీఎస్ఆర్ (పోర్టు కంట్రోల్ రిజిస్టర్ అడ్రస్) 176500, వెక్టర్ (ఇంటరప్ట్ అడ్రస్) 300 దగ్గర, అంటే ఛానెల్ 0 దగ్గర వెతుకుతోంది. హ్యాండ్లర్‌ని రిమూవ్ చేసి, సెట్ కమాండ్‌తో సీఎస్ఆర్ 176510, వెక్టర్ 310 ఇచ్చి, మళ్లీ ఇన్‌స్టాల్ చేశాను. ఈ అడ్రస్ అంకెలన్నీ ఆక్టల్‌లో (0 నుంచి 7 అంకెలతోనే రాసే పద్ధతి) ఉంటాయి, చూసుకోండి. వెంటనే ప్రింట్ హెడ్ కదిలింది! ఆ చప్పుడు విని ఎంత సంతోషమేసిందో.

అయితే చిన్న ఫైళ్లు సరిగ్గా వచ్చేవి, పెద్ద లిస్టింగ్‌లో మధ్యలో లైన్లు మాయమయ్యేవి. కంప్యూటర్ పంపే వేగం 9600 బాడ్, అంటే సెకనుకి సుమారు 960 అక్షరాలు. ఎల్‌ఏ120 కొట్టగలిగేది 180. బఫర్ నిండగానే ప్రింటర్ ‘ఆగు’ అని ఎక్సాఫ్ అనే సంకేతం పంపుతుంది. కానీ నా కేబుల్‌లో ప్రింటర్ నుంచి కంప్యూటర్‌కి వెనక్కి వచ్చే వైరే లేదు! 2, 3 పిన్నులు (డేటా పంపేది, అందుకునేది) క్రాస్ చేసి, 7 (గ్రౌండ్) నేరుగా కలిపి కొత్త కేబుల్ సోల్డర్ చేశాను. ఇరవై పేజీల లిస్టింగ్ ఒక్క లైను పోకుండా వచ్చింది.

కేబుల్ చూడమని మొదటే చెప్పిన అన్నయ్యకి ప్రత్యేకంగా థ్యాంక్స్.