పంటు మీద తెగే కాల్‌కి మందు మెషీన్ లెర్నింగా, మామూలు సర్దుబాటా?

రేవు రైతు, నరసాపురం:

మా ఇల్లు నరసాపురంలో, రొయ్యల చెరువులు సఖినేటిపల్లి వైపు. రోజూ పంటు (మనుషుల్నీ బళ్లనీ ఏరు దాటించే పెద్ద పడవ) మీద వశిష్ఠ గోదావరి దాటాల్సిందే. పోయిన వారం పొద్దున్నే పంటు సగం దాటిందో లేదో, చెరువు దగ్గర మనిషి ఫోన్ చేశాడు. "రొయ్య పైకొచ్చేసిందండీ, రెండో ఏరేటర్..." అంతే, మాట తెగిపోయింది. చెరువు నీళ్లకి గాలి పట్టించే ఆ ఏరేటర్ ఆగిందా, కాలిపోయిందా? ఫోన్‌లో సిగ్నల్ ఫుల్‌గా ఉంది. నాలుగుసార్లు కలిపాను, ఒక్కసారి కూడా "హలో" దాటి ముందుకు పోలేదు. ఒడ్డుకు చేరేదాకా ప్రాణం నా దగ్గర లేదు. మనిషి తెలివైనవాడు కాబట్టి తనే జనరేటర్ వేశాడు, చెరువు దక్కింది.

మా మేనల్లుడు హైదరాబాద్‌లో నెట్‌వర్క్ సాఫ్ట్‌వేర్ పని చేస్తాడు. "మావయ్యా, అది హ్యాండోవర్ గొడవ. ఏటి మధ్యలో రెండు ఒడ్ల టవర్లూ నీ ఫోన్‌కి సమానంగా అందుతాయి. కాసేపు ఇటు, కాసేపు అటు మారుతూ ఉంటుంది. ఇప్పుడు దీన్ని మెషీన్ లెర్నింగ్‌తో, అంటే పాత లెక్కలు చూసి కంప్యూటరే నేర్చుకునే పద్ధతితో, సరిచేయాలని చూస్తున్నారు" అన్నాడు. మన డెల్టాలో ముందు ఇలాంటి రేవుల దగ్గరే అది పెట్టమని అడగాలని నా అభిప్రాయం. మీరేమంటారు?

టవర్ మనిషి, అమలాపురం:

రైతుగారూ, మీ బాధ నిజం. మందు మాత్రం అది కాదంటాను. పద్నాలుగేళ్లుగా టవర్ల మెయింటెనెన్స్‌లో ఉన్నాను. ముందు ఒక మాట: సిగ్నల్ గీతలు ఫుల్‌గా ఉన్నంత మాత్రాన మాట శుభ్రంగా వినపడదు. గీతలు బలాన్నే చూపిస్తాయి. నీటి మీద చెట్టూ ఇల్లూ అడ్డుండవు కాబట్టి దూరపు టవర్ల సిగ్నల్ కూడా వచ్చి పడుతుంది. అన్నీ బలంగా ఉంటే ఒకదాన్నొకటి చెడగొడతాయి.

ఇక ఫోన్ సెల్ (టవర్ నుంచి ఒక వైపు సిగ్నల్ అందే ప్రాంతం) మారే నియమం చాలా చిన్నది. పక్క సెల్ ఇప్పుడున్న దానికంటే ఉదాహరణకి 2, 3 డెసిబెల్స్ (సిగ్నల్ బలం కొలత) ఎక్కువ ఉండాలి, ఆ తేడా కొన్ని వందల మిల్లీసెకన్లు నిలవాలి. అప్పుడు ఫోన్ రిపోర్టు పంపుతుంది, నెట్‌వర్క్ మారమంటుంది. మీ రేవు దగ్గర ఈ రెండు అంకెలూ కాస్త పెంచితే ఆ గెంతడం తగ్గుతుంది. దానికి ఏ మెషీనూ నేర్చుకోనక్కర్లేదు, ఒక ఇంజనీరు ఒక పూట పంటు ఎక్కితే చాలు. నెట్‌వర్క్ తనంతట తానే ఈ అంకెల్ని దిద్దుకునే ఏర్పాటు కూడా 4జీ ప్రమాణాల్లో రిలీజ్ 9 నుంచే, అంటే ఆ ప్రమాణాల తొమ్మిదో విడత నుంచే ఉంది.

మనం గట్టిగా అడగాల్సింది బ్యాటరీల గురించి. కరెంటు పోయి, బ్యాటరీ అయిపోయి, డీజిల్ బండి రాకపోతే ఆ టవర్ ఉన్నా లేనట్టే. 1996 నవంబరు 6 తుపాను చూసిన కోనసీమ వాళ్లకి కరెంటు ఎన్ని రోజులు రాకుండా ఉండగలదో ఒకరు చెప్పక్కర్లేదు. డబ్బుంటే ముందు అక్కడ పెట్టాలి.

డైలీ ప్యాసింజర్, కొవ్వూరు:

అన్నగారూ, మీ లెక్క పంటుకి సరే. నేను రోజూ రైల్లో రాజమండ్రి వెళ్తాను. 1974 నాటి రోడ్డు కమ్ రైలు వంతెన మీద రోజూ ఇంచుమించు ఒకేచోట అమ్మతో మాట తెగుతుంది. పైన రోడ్డు మీద స్కూటర్లు ట్రాఫిక్‌లో నిలబడి ఉంటాయి, కింద ఇనుప చట్రంలో మా రైలు పోతుంటుంది. అవే టవర్లు, అదే ఏరు. నిలబడ్డ స్కూటర్‌కి ఓపిక కావాలి, రైలుకి తొందర కావాలి. అంకెలు పెంచితే మాకు ఇంకా ఆలస్యం, తగ్గిస్తే పైవాళ్లకి గెంతులు. ఒకటే అంకె ఇద్దరికీ ఎలా సరిపోతుందండీ?

టవర్ మనిషి, అమలాపురం:

దానికీ ఏర్పాటుంది చెల్లెమ్మా. కాస్త సమయంలో ఫోన్ ఎన్ని సెల్స్ మారిందో లెక్కపెట్టి, ఎక్కువైతే వేగంగా పోతోందని అనుకుని, ఆ ఎదురుచూసే సమయాన్ని తగ్గిస్తారు. ఇదీ 4జీలో మొదటినుంచీ ఉన్నదే.

మోడల్స్ రాసే అమ్మాయి, కాకినాడ:

ఆ లెక్క కుదరాలంటే ముందు కొన్ని సెల్స్ మారాలి కదా అన్నయ్యా. వంతెన దాటేలోపు మారేదే రెండో మూడో. వేగం తెలిసేసరికి వంతెన అయిపోతుంది.

మెషీన్ లెర్నింగ్ మోడల్, అంటే అలా నేర్చుకున్న ప్రోగ్రామ్, చేయగలిగేది ఇదే. గత కొన్ని సెకన్లలో మూడు నాలుగు సెల్స్ బలం ఎలా పెరిగిందో, ఎలా తగ్గిందో చూసి, ఇంకో సెకనుకి ఎలా ఉంటుందో అంచనా వేస్తుంది. రైల్లో ఆ బలం గబగబా పడిపోతుంది, పంటు మీద చాలా మెల్లగా తగ్గుతుంది. ఈ తేడా ఒక్క సెల్ మారకముందే కనపడుతుంది.

రిలీజ్ 16లో, అంటే 2020లో పూర్తయిన ప్రమాణంలో, కండిషనల్ హ్యాండోవర్ వచ్చింది. "ఫలానా సెల్ బాగుంటే నువ్వే మారిపో" అని సిగ్నల్ బాగున్నప్పుడే ఫోన్‌కి చెప్పి పెడతారు. అయితే చెప్పి పెట్టిన ప్రతి సెల్‌లోనూ చోటు కొంత అట్టే పెట్టాలి. అందుకే ఏ రెండింటిని సిద్ధం చేయాలో ముందే ఊహించగలిగితే లాభం. రిలీజ్ 17లో ఏఐ మీద చేసిన అధ్యయనం తీసుకున్న 3 అంశాల్లో ఇలా కదిలే ఫోన్ల సంగతి ఒకటి. మిగతా రెండూ కరెంటు ఆదా, సెల్స్ మధ్య ఫోన్ల భారం పంచడం.

మామూలు హ్యాండోవర్‌లో పోయేది ఇంచుమించు 50 మిల్లీసెకన్లు. మాట 20 మిల్లీసెకన్లకో ముక్కగా వెళ్తుంది కాబట్టి రెండు మూడు ముక్కలు పోయినా చెవికి తెలియదు. లింకే తెగిపోతే మాత్రం, తెగిందని ఫోన్ ఒప్పుకోవడానికే ఒక సెకను దాకా పట్టవచ్చు. రైల్లో అక్కకి జరుగుతున్నది అదే అనిపిస్తోంది.

లంక ఊరివాడు:

అమ్మాయిగారూ, మీ మోడల్ ఎవరి ఫోన్లు చూసి నేర్చుకుంటుంది? రావులపాలెం హైవే మీద రోజంతా బళ్లే. మా లంకలో ఫోన్లు ఎన్ని? తక్కువమంది ఉన్నచోట అది తక్కువే నేర్చుకుంటుంది. పైగా జులై, ఆగస్టులో వరదొస్తే మేం తిరిగే దారే మారిపోతుంది. కాజ్‌వే మునిగి, రోడ్డు మీద పోయేవాళ్లం పడవ మీద పోతాం. ఏడాదంతా రోడ్డు చూసి నేర్చుకున్నది ఆ నాలుగు రోజులు పడవని ఏమని అనుకుంటుంది? పురిటి నొప్పులొచ్చిన మనిషిని పడవలో తీసుకెళ్తూ మేం ఫోన్ చేసేది ఆ రోజుల్లోనే. నాకు భయం అక్కడే ఉంది.

మోడల్స్ రాసే అమ్మాయి, కాకినాడ:

మీ భయం న్యాయమైనది, దీన్ని నేను తేలిగ్గా తీసిపారేయను. నేర్చుకున్నదానికి దూరంగా ఉన్న పరిస్థితిలో మోడల్ తప్పుతుంది. అందుకే మోడల్‌కి పగ్గాలు పూర్తిగా ఇవ్వకూడదు. అన్నయ్య చెప్పిన పాత నియమం అడుగున ఎప్పుడూ ఉండాలి. ఆ రెండు అంకెల్ని ఇంత నుంచి ఇంత దాకా మాత్రమే కదపనివ్వాలి. అంచనాలు వరసగా తప్పుతుంటే దానంతట అదే పక్కకి తప్పుకోవాలి.

టవర్ మనిషి, అమలాపురం:

ఆ షరతు పెడితే నాకు సగం అభ్యంతరం పోయింది. మిగతా సగం బ్యాటరీలు. టవర్ పడిపోయాక ఏ సెల్‌కి మారమని చెబుతుందమ్మా? రైతుగారూ, మీ ఫోన్‌లో సెల్ నంబర్ చూపించే యాప్ ఒకటి వేసుకుని, ఏటి మీద ఎప్పుడెప్పుడు మారిందో రాసి పెట్టండి. ఊరికే సిగ్నల్ లేదంటే పట్టించుకోరు, టైముతో చూపిస్తే కదులుతారు.

రేవు రైతు, నరసాపురం:

నిన్న సాయంత్రం రాశాను. పంటు కదిలిన దగ్గర్నుంచి అటు రేవులో దిగేదాకా సెల్ నంబర్ పదకొండుసార్లు మారింది. అందులో ఎనిమిది, అవే రెండు నంబర్ల మధ్య. ఏటి నడిమిలో అయితే నేను టైము రాసేలోపే మళ్లీ మారింది.

మొదట నేను మెషీన్ లెర్నింగ్ పెట్టమని అడుగుదాం అన్నాను. లంక ఊరి ఆయన మాట విన్నాక అర్జీ మార్చుకుంటున్నాను. ఈ రేవుకి ఆ రెండు అంకెలు వెంటనే సరిచేయమంటాను. మోడల్ పెడితే పాత నియమం అడుగున ఉంచే పెట్టమని, వరద రోజుల్లో పడవ మీద పరీక్ష చేశాకే లంకల్లో వాడమని రాస్తాను. బ్యాటరీల సంగతి అమలాపురం అన్నగారు రాసిస్తే అదీ జతచేస్తాను. రైలు వంతెన మీద తెగే చోటు, టైము ఓ వారంపాటు చెల్లెమ్మ రాసి పెట్టగలరా?