మంట పుట్టని ఫేస్‌వాష్ చేయాలి, యూనివర్సిటీ వాళ్లతో కలిసి పనిచేసినవాళ్లు ఎవరైనా ఉన్నారా?

నాచారం_నురగ:
అందరికీ నమస్తే. హైదరాబాద్ నాచారంలో మాకు చిన్న యూనిట్ ఉంది. నేనూ మా తమ్ముడూ నడుపుతాం, సీఓఎస్-8 (కాస్మెటిక్స్ తయారీ) లైసెన్స్ ఉంది, ఆరుగురు పనిచేస్తారు. ఇన్నాళ్లూ వేరేవాళ్ల బ్రాండ్లకి ఫేస్‌వాష్, హ్యాండ్‌వాష్ చేసిచ్చాం, ఇప్పుడు సొంతంగా ఒకటి దించాలని ఆశ. దీనికి కారణం మా అక్క కూతురు. నాలుగేళ్లది, మోచేతి మడతల్లో ఎగ్జిమా, స్నానం అనగానే బకెట్ దగ్గర్నుంచి పరుగు తీస్తుంది.

సప్లయర్ మైల్డ్ అన్నాడని డెసిల్ గ్లూకోసైడ్ అనే నురగ పదార్థంతో ఒక బ్యాచ్ చేశాం. ఎస్ఎల్ఎస్ (మామూలుగా వాడే ఘాటైన నురగ పదార్థం) లేదు, సెంటు లేదు, రంగు లేదు. అయినా పాప చేతికి రాయగానే ఏడ్చేసింది. తర్వాత పీహెచ్ (ఆమ్లమా క్షారమా చెప్పే అంకె, ఏడు దాటితే క్షారం) పేపర్ ముంచి చూస్తే ఆకుపచ్చ దాటి నీలానికి తిరిగింది, అంటే ఎనిమిది పైనే. సిట్రిక్ యాసిడ్ వేశానంటాడు తమ్ముడు, ఎంత వేశాడో మాత్రం వాడికే గుర్తులేదు. మూడు వారాలకి అదే బ్యాచ్ సీసాల్లో మూత లోపల నల్లటి చుక్కలు! చెడిపోకుండా ప్రిజర్వేటివ్‌గా సోడియం బెంజోయేట్ వేశాం, మరి బూజు ఎలా వచ్చిందో.

ఇదంతా మా వల్ల కాదు, చదువుకున్నవాళ్లతో చేయిద్దాం అనుకుంటున్నాం. ఒకరు ఓయూ (ఉస్మానియా యూనివర్సిటీ) అంటారు, ఒకరు సీసీఎంబీ (జీవశాస్త్ర పరిశోధన సంస్థ) అంటారు. అంత పెద్దవాళ్లు మనలాంటివాళ్లని గేటు లోపలికి రానిస్తారా? ఖర్చు ఎంతవుతుంది, ఫార్ములా ఎవరిదవుతుంది, వాళ్ల పేరు సీసా మీద వేసుకోవచ్చా? తెలిసినవాళ్లు చెప్పండి, టెన్షన్‌గా ఉంది.

తార్నాక_పెద్దాయన:
అమ్మా, ముప్పై ఏళ్లు ఫార్ములేషన్‌లో పనిచేసి రిటైరైనవాణ్ణి. మీ మొదటి రెండు సమస్యలకి యూనివర్సిటీ అక్కర్లేదు, ఆ రెండూ నిజానికి ఒకటే. డెసిల్ గ్లూకోసైడ్ డ్రమ్ములో వచ్చేటప్పుడే దాని పీహెచ్ పదకొండు, పన్నెండు దాకా ఉంటుంది. చర్మం పైపొర ఐదుకి కాస్త అటూ ఇటూ. కలిపిన తర్వాత సిట్రిక్ యాసిడ్‌తో కొంచెం కొంచెంగా దించుకోవాలి. దించకపోతే మంట. సోడియం బెంజోయేట్ ఏమో ఐదు దగ్గర, అంతకంటే కింద ఉంటేనే పనిచేస్తుంది, ఎనిమిదిలో అది ఉన్నా లేనట్టే. అందుకే బూజు. ఒక డిజిటల్ పీహెచ్ మీటరు కొనండి, తమ్ముడి చేత బ్యాచ్ షీటు రాయించండి, ప్రతి గ్రాము అందులో పడాలి. ఆ బ్యాచ్ పారబోయండి.

యూనివర్సిటీకి మనం చేయలేనిదాని కోసం వెళ్లాలి. "మాకు సున్నితమైన ఫేస్‌వాష్ చేసిపెట్టండి" అని వెళ్తే టీ ఇచ్చి పంపిస్తారు. కొలవగలిగే ప్రశ్న ఒకటి పట్టుకెళ్లండి. ఉదాహరణకి, నురగ ఇచ్చే పదార్థం నీళ్లలో రెండు రకాలుగా ఉంటుంది, కొంత గుంపులు కట్టి, కొంత విడిగా. చర్మంలోకి దూరి చికాకు పెట్టేది ఎక్కువగా ఆ విడిగా తిరిగేదే. ఎస్ఎల్ఈఎస్ అనే మామూలు నురగ పదార్థంలో కోకమిడోప్రొపైల్ బీటైన్ అనే ఇంకో మెత్తని నురగ పదార్థం కలిపితే మంట తగ్గడానికి కారణం ఇదే, రెండూ కలిసి గుంపు కడితే విడిగా తిరిగేది తగ్గుతుంది. ఏ పాళ్లలో కలిపితే ఎంత తగ్గుతుందో తేల్చడానికి పరికరాలు కావాలి, అవి మన షెడ్డులో ఉండవు.

బయటి దేశాల్లో పెద్దవాళ్లు చేస్తున్నదీ ఇదే. చర్మంలో సెరమైడ్ (పైపొరలో ఉండే ఒక రకం కొవ్వు), కొలెస్ట్రాల్, కొవ్వు ఆమ్లాలు ఏ పాళ్లలో ఉండాలన్నది యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియాలో తేలింది, పేటెంట్ యూనివర్సిటీది, ఎపిసెరమ్ అనే క్రీమ్ చేసి అమ్మింది కంపెనీలు. యూనిలీవర్ అయితే లివర్‌పూల్ యూనివర్సిటీ క్యాంపస్‌లోనే ఉమ్మడి ల్యాబ్ పెట్టుకుంది.

మన ఊళ్లో సంగతికొస్తే, నూనెలు, కొవ్వుల మీద పని అంటే నాకు ముందు గుర్తొచ్చేది మా తార్నాక ఐఐసీటీ (కెమికల్ టెక్నాలజీ సంస్థ). అది సీఎస్ఐఆర్ (కేంద్ర ప్రభుత్వ పరిశోధన మండలి) ల్యాబ్, యూనివర్సిటీ కాదు. అక్కడ సైంటిస్టుకి నేరుగా కాకుండా బిజినెస్ డెవలప్‌మెంట్ విభాగానికి రాయండి. బాలానగర్‌లో నైపర్ (ఫార్మా చదువులు, పరిశోధనల కేంద్ర సంస్థ) ఉంది, ఓయూలో టెక్నాలజీ కాలేజీ ఉంది. హబ్సిగూడలో సీసీఎంబీ వాళ్ల అటల్ ఇంక్యుబేషన్ సెంటర్, గచ్చిబౌలిలో సెంట్రల్ యూనివర్సిటీ బయోనెస్ట్, ఇవి రెండూ మీలాంటి చిన్నవాళ్ల కోసం పెట్టినవే. గేటు దగ్గర ఎవరూ ఆపరు.

చెర్లపల్లి_శీను:
పెద్దాయన చెప్పింది కరెక్టే గానీ నా గోడు కూడా వినక్కా. రెండేళ్ల కింద ఒక కాలేజీకి (పేరు వద్దులే) కుంకుడుకాయ ఫేస్‌వాష్ పట్టుకుని పోయిన. సార్ చాలా మంచోడు, "ఎంఫార్మ్ పిల్లోడికి ప్రాజెక్ట్ ఇద్దాం, నువ్వు సరుకు ఇవ్వు చాలు" అన్నడు. కాగితం లేదు, సంతకం లేదు, అంతా నోటిమాట. నాలుగు నెలలు బాగానే నడిచింది. ఆ తర్వాత పిల్లోడు కాన్ఫరెన్స్‌లో పోస్టర్ పెట్టిండు, మన పాళ్లన్నీ శాతాలతో సహా అందులో ఉన్నయి! వాడికి మార్కులొచ్చినయి, నేను పేటెంట్ లాయర్ దగ్గరికి పోతే "బయటపెట్టేశారు కదా, ఇంక కొత్తదనం ఎక్కడుంది" అన్నడు. పిల్లోడి తప్పేం లేదు, వాడికి డిగ్రీ కావాలి, పేపర్ కావాలి. మనకి కావాల్సింది వేరు. అది ముందే రాసుకోలేదు, అదే నా తప్పు.

కాబట్టి శాంపిల్ సీసా వాళ్ల చేతిలో పెట్టకముందే రాతకోతలు కానియ్యి. ఏది పబ్లిష్ చేయొచ్చు, ఎన్ని రోజుల ముందు నీకు చూపించాలి, కొత్తది ఏదైనా దొరికితే ఎవరిది, ఆ పిల్లోడు మధ్యలో వెళ్లిపోతే పని ఎవరు చూస్తరు, అన్నీ. పేటెంట్‌కి ప్రొవిజనల్ (తాత్కాలిక) అప్లికేషన్ వేస్తే పూర్తిది వేయడానికి పన్నెండు నెలల టైమ్ ఉంటది, ముందు అది వేసి తర్వాత నోరు తెరువు.

ఇంకోటి, అమ్మమ్మ సున్నిపిండి పాళ్లకి పేటెంట్ రాదు, మన చట్టం సెక్షన్ 3(పి) సంప్రదాయ జ్ఞానానికి ఇయ్యొద్దంటది. పసుపు మీద అమెరికాలో ఇచ్చిన పేటెంట్‌ని మన సీఎస్ఐఆర్ వాళ్లే కొట్లాడి 1997లో కొట్టేయించిన్రు గదా. ఇక సహజం అంటే సున్నితం అని నేనూ నమ్మిన. కుంకుడు రసం కంట్లో పడితే తలంటు రోజు ఎట్ల గంతులేసేటోళ్లమో మర్చిపోయి!

స్కిన్_పీజీ:
డెర్మటాలజీ పీజీ చేస్తున్నాను, డ్యూటీ మధ్యలో టైప్ చేస్తున్నా, తప్పులుంటే సర్దుకోండి.

ముందుగా, అక్కా, పాప మీద టెస్ట్ చేయడం ఆపేయండి ప్లీజ్. ఎగ్జిమా ఉన్న చర్మంలో అడ్డుగోడకి అప్పటికే బీటలుంటాయి, మామూలు చర్మానికి ఏమీ చేయనిది కూడా అక్కడ మండుతుంది. మనుషుల మీద చూడాలంటే ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ల మీదే ప్యాచ్ టెస్ట్ (కొంచెం పట్టీలో పెట్టి చర్మానికి అంటించి చూడటం), అదీ ఎథిక్స్ కమిటీ అనుమతితో. జంతువుల మీద కాస్మెటిక్స్ పరీక్షించడం మన దేశంలో 2014లోనే నిషేధించారు. ముందు ల్యాబ్‌లో పెంచిన మనిషి చర్మపు పొర మీద చూసే పద్ధతులున్నాయి, ఆ తర్వాత మనుషుల మీద ప్యాచ్ టెస్ట్. బీఐఎస్ వాళ్ల ఐఎస్ 4011 (కాస్మెటిక్స్ భద్రత పరీక్షల ప్రమాణం) తెప్పించుకుని చదవండి. అలర్జీ వస్తుందా అన్నది ఒక్క రోజులో తేలదు, మూడు వారాలు మళ్లీ మళ్లీ ప్యాచ్ వేసి, రెండు వారాలు ఆపి, మళ్లీ వేసి చూసే పద్ధతి ఉంది. కాలేజీ, ఆసుపత్రి కలిసి ఉన్నచోట అయితే వాలంటీర్లు, కమిటీ, చూసే డాక్టరు, అన్నీ ఒక్కచోట దొరుకుతాయి. నన్నడిగితే పార్ట్‌నర్‌షిప్ వల్ల అసలు లాభం అదే.

"సున్నితం" అనడానికి కొలత ఏంటంటే చర్మం నుంచి ఆవిరయ్యే నీటిని కొలిచే మీటరు. కడిగిన తర్వాత ఆ అంకె ఎంత తక్కువ పెరిగితే అంత మంచిది. ప్యాక్ మీద "హైపోఅలర్జెనిక్" అనే మాట చూసి మురిసిపోకండి, ఎవరైనా రాసుకోవచ్చు. మీ గ్లూకోసైడ్లనే తీసుకోండి, మైల్డ్ అని పేరుపడ్డవే, 2017లో అమెరికా కాంటాక్ట్ డెర్మటైటిస్ సొసైటీ వాటినే ఆ ఏటి అలర్జెన్‌గా ప్రకటించింది. అందరికీ పడదని కాదు, కొందరికి పడదు. ఇంకా సీసా మీద "ఎగ్జిమా తగ్గిస్తుంది" అని పొరపాటున కూడా రాయొద్దు, అలా రాస్తే అది మందు లెక్కలోకి వెళ్తుంది, మీ కాస్మెటిక్ లైసెన్స్ పనికిరాదు.

గ్రాంట్_గిరి:
డబ్బు సంగతి ఎవరూ చెప్పలేదు కాబట్టి. టెస్టింగ్‌కి పంపడం, కన్సల్టెన్సీ తీసుకోవడం, కలిసి పరిశోధించడం, ఈ మూడూ వేరు వేరు. టెస్టింగ్‌కి ఫీజు కట్టి రిపోర్ట్ తెచ్చుకుంటే ఫార్ములా గొడవే రాదు, మీది మీదే. కలిసి పరిశోధిస్తేనే వాటా, రాయల్టీ, అన్నీ. మీకు ఇప్పుడు కావాల్సింది మొదటిదే అనిపిస్తోంది. బైరాక్ (బయోటెక్ పరిశ్రమకి సాయం చేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) బిగ్ అనే గ్రాంట్ 50 లక్షల దాకా ఇస్తుంది, కానీ అది కొత్త ఐడియాకి, ఉన్న ఫేస్‌వాష్‌కి పీహెచ్ సరిచేయడానికి ఎవరూ ఇవ్వరు 😄 సంస్థ పేరు, లోగో సీసా మీద వేయాలంటే రాతపూర్వక అనుమతి ఉండాలి, లేకపోతే నోటీసు వస్తుంది.

నాచారం_నురగ:
అందరికీ చాలా థ్యాంక్స్, ఇంత ఓపిగ్గా రాస్తారనుకోలేదు. పీహెచ్ మీటరు తెచ్చాం. పాత బ్యాచ్ 8.4 చూపించింది, తమ్ముడు మీటరే తప్పంటున్నాడు 🙂 పెద్దాయన గారూ, మీరన్నట్టు ప్రశ్న ఒక్కటే రాసుకున్నా: గ్లూకోసైడ్, బీటైన్ రెండు పాళ్లలో కలిపి, రెండింటినీ 5.2 దగ్గర పెట్టి, మా బోరు నీళ్లతోనే రెండు వారాలు కడిగితే చర్మం ఏ దానితో తక్కువ ఆరుతుంది? దీన్ని పట్టుకుని ముందు టెస్టింగ్‌కే వెళ్తాం.

శీను గారూ, అగ్రిమెంట్‌లో ఏమేం ఉండాలో ఆ లాయర్ చెప్పింది ఉంటే మెసేజ్ పెట్టండి. పాపకి డాక్టరమ్మ రాసిన క్రీమ్ పూస్తున్నాం, మా సీసాలు ఆ ఇంటి గడప తొక్కనివ్వట్లేదు.