వెన్నులో మత్తు సూది డోస్ అందరికీ ఒకటేనా? నా హైట్ 4 అడుగుల 10

బెంగళూరు మారతహళ్ళిలో ఉంటాం, వచ్చే గురువారం నాకు సిజేరియన్ పెట్టారు, రెండో కాన్పు. మొదటిది ఊళ్ళో అయింది, అప్పుడు సూది వేసిన రెండు నిమిషాలకే వాంతి, చేతివేళ్ళ దాకా తిమ్మిరి, ఊపిరి ఆడట్లేదని ఒకటే భయం. మా ఆడపడుచుకేమో రివర్స్, ఆవిడ బాగా పొడుగు, లోపల లాగుతుంటే మధ్యలో నొప్పి తెలిసిందంట. ఇప్పుడు నా బరువు 71, మత్తు ఎక్కువ పడుతుందిలే అంటోంది మా అత్తయ్య, నిజమేనా?

మత్తు డాక్టర్, జయనగర్: అత్తయ్యగారి లెక్క ఇక్కడ కుదరదండి 😀 బరువు అంతగా చూడం, చాలామందిమి హైట్ చూసి కాస్త అటూ ఇటూ చేస్తాం, అదీ పక్కా లెక్కేం కాదు. వెన్నులో వేసే మత్తు మందు హెవీ బుపివకైన్ 0.5 శాతం అంటే ఎమ్మెల్‌కి 5 మిల్లీగ్రాములు, మామూలుగా 1.6 నుంచి 2.4 ఎమ్మెల్ లోపు వేస్తాం, అందులో కొంచెం ఫెంటానిల్ అనే నొప్పి మందు కలిపితే ఆ లాగే నొప్పి తగ్గుతుంది. కడుపుతో ఉన్నప్పుడు వెన్నులో రక్తనాళాలు ఉబ్బి వెన్ను నీరుకి చోటు తగ్గుతుంది, అందుకే మామూలప్పటి కంటే తక్కువ మందు చాలు. కోసేది బొడ్డు కిందే అయినా మత్తు రొమ్ముల దాకా ఎక్కాలి, లోపలి పొరల నరాలు అంత పైనుంచి వస్తాయి మరి. అంతదాకా ఎక్కకపోతే మీ ఆడపడుచులా, దాటి పైకిపోతే మీలా. వాంతి మాత్రం బీపీ పడిపోయి వచ్చుంటుంది, దానికి బీపీ పెంచే ఫినైలెఫ్రిన్ ఇస్తాం.

మత్తు పీజీ రెండో ఏడు, చెన్నై: 2004లో జినోసార్ వాళ్ళ స్టడీ ఉంది, ఫెంటానిల్, మార్ఫిన్ కలిపి ఇస్తే 95 శాతం మందికి ఆపరేషన్ అయ్యేదాకా సరిపడే బుపివకైన్ డోస్ 11.2 మిల్లీగ్రాములు అని తేలింది, సగం మందికి 7.6 చాలు. ఈ రెండిటి మధ్యే మా గొడవంతా! తగ్గిస్తే బీపీ బాగుంటుంది కానీ మధ్యలో నొప్పొస్తే ఎక్కించడానికి పక్కన ఎపిడ్యూరల్ ట్యూబ్ (వెన్నులో ఉంచేసే సన్న గొట్టం) ఉండాలి, ఒట్టి వెన్ను సూది, అంటే స్పైనల్‌తో మరీ తగ్గించడం నాకైతే నచ్చదు.

ఇద్దరు పిల్లల తల్లి, కేఆర్ పురం: కోసే ముందు నాకు స్పిరిట్ దూది భుజం మీద రాసి, తర్వాత పొట్ట మీద, ఛాతీ మీద రాసుకుంటూ తణ్ణగిదియా తణ్ణగిదియా (చల్లగా ఉందా) అని అడిగారు, నాకు కన్నడ రాక హా హా అంటుంటే ఇంకా మత్తు ఎక్కలేదనుకుని ఆగిపోయారు, సిస్టర్ తెలుగులో అడిగాక గానీ తేలలేదు. తడి తెలుస్తుంది, చల్లదనం తెలీదు, అదే చెప్పండి. పాత ఆపరేషన్ కాగితాలు కూడా తీసుకెళ్ళండి.

ప్రశ్న అడిగిన నేనే: థాంక్సండీ అందరికీ. డిశ్చార్జ్ కార్డులో స్పైనల్ అని ఒక్క ముక్కే ఉంది, ఎన్ని ఎమ్మెల్ వేశారో లేదు, అనస్థీషియా షీట్ దొరికితే ఫోటో తీసి పంపమని రేపు మా తమ్ముణ్ణి అక్కడికి పంపిస్తున్నా.