హెర్షెల్ అన్నాచెల్లెళ్లు: కెరోలిన్ చేసింది రాసుకోవడమేనా?

నింగిచూపు:
18వ శతాబ్దపు ఖగోళ శాస్త్రవేత్త విలియం హెర్షెల్ రెండున్నర వేల నీహారికలు (మబ్బుల్లా కనిపించే మసక మరకలు), నక్షత్ర గుచ్ఛాలు నమోదు చేశాడనీ, చెల్లెలు కెరోలిన్ పక్కన కూర్చుని రాసిందనీ ఒక్క ముక్కలో తేల్చేస్తుంటారు. ఒక రాత్రి పని ఇద్దరి మధ్యా నిజంగా ఎలా సాగేది?

చుక్కలబాట:
1783 చివర్లో మొదట విలియమే చూసి, విలియమే రాసుకునేవాడు. రాసేందుకు దీపం దగ్గరికి వెళ్తే కళ్లు మళ్లీ చీకటికి అలవాటు పడేదాకా మసక నీహారికలు కనిపించవు. ఈలోగా ఆకాశం జరిగిపోతుంది. అందుకే పద్ధతి మార్చారు. 20 అడుగుల దూరదర్శినిని దక్షిణ దిక్కుకు నిలిపి, పనివాడొకడు గొట్టాన్ని రెండు రెండున్నర డిగ్రీల మేర పైకీ కిందికీ ఆడిస్తాడు. విలియం కన్ను తీయడు. కెరోలిన్ దగ్గర దీపం, గడియారం, అంతకుముందు ఖగోళ శాస్త్రవేత్త ఫ్లామ్‌స్టీడ్ తయారుచేసిన నక్షత్ర పట్టిక ఉంటాయి. ఆయన కేక వేయగానే సమయం, గొట్టం ఎత్తు రాసి, రాసింది గట్టిగా తిరిగి చదువుతుంది. తప్పు విన్నా అక్కడికక్కడే దొరుకుతుంది. దూరదర్శినిలో ఒకసారి కనిపించేది పావు డిగ్రీ వెడల్పే. ఖగోళ మధ్యరేఖ దగ్గరి చుక్క దాన్ని ఒక్క నిమిషంలో దాటేస్తుంది.

ధ్రువరేఖ:
అసలు కష్టం తెల్లారాక. నీహారిక స్థానం దానంతటది రాదు. తెలిసిన నక్షత్రం కంటే ఎన్ని సెకన్లు వెనక వచ్చింది, ఎంత పైన, ఎంత కింద అన్న తేడాల నుంచి లెక్కకట్టాలి. ఆ నక్షత్రం స్థానమే తప్పయితే దాన్ని ఆధారం చేసుకున్న నీహారికలన్నీ పక్కకు జరుగుతాయి. ఫ్లామ్‌స్టీడ్ పట్టిక 1690 నాటి స్థానాలది, విషువచ్చలనం (భూమి అక్షం మెల్లగా తిరగడం వల్ల నక్షత్రాల స్థానాల్లో వచ్చే మార్పు) కలుపుకోవాలి. పైగా పట్టికకూ ఆయన అసలు పరిశీలనలకూ చాలాచోట్ల పొంతన లేదు. కెరోలిన్ ఆ రెండింటినీ కలిపే సూచిక తయారుచేసి, పట్టికలో వదిలేసిన 561 నక్షత్రాలను వెలికితీసింది. రాయల్ సొసైటీ 1798లో అచ్చువేసింది. ఇది గుమస్తా పని కానే కాదు. అన్న పోయాక నీహారికలన్నిటినీ ధ్రువదూరం (ఖగోళ ఉత్తర ధ్రువం నుంచి ఎన్ని డిగ్రీల దూరం) ప్రకారం పట్టీలుగా పేర్చి మేనల్లుడు జాన్‌కు పంపింది. దూరదర్శిని కదిలేది పట్టీల వెంటే కాబట్టి, అతను వాటన్నిటినీ మళ్లీ వెతకడానికి ఆ వరుసే పనికొచ్చింది. 1828లో కెరోలిన్‌కు రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ బంగారు పతకం వచ్చింది ఆ పనికే.

చుక్కలబాట:
ఇద్దరుంటే ఇప్పుడూ చేసి చూడొచ్చు. 1783 సెప్టెంబరు 23న కెరోలిన్ కనిపెట్టిన ఎన్‌జీసీ 253 అనే గెలాక్సీని ఎంచుకోండి. నవంబరు మధ్యలో రాత్రి 9 దాటాక దానికి దగ్గర్లోని డిఫ్డా అనే నక్షత్రం నడినెత్తి రేఖకు (ఉత్తర దక్షిణాలను నెత్తి మీదుగా కలిపే గీతకు) వస్తుంది. హైదరాబాదులో అయితే దక్షిణాన సుమారు 55 డిగ్రీల ఎత్తున. డాబ్సోనియన్‌లో (పైకీ కిందికీ, పక్కలకూ చేత్తో తిప్పే దూరదర్శినిలో) ఆ నక్షత్రాన్ని మధ్యకు తెచ్చి, సమయం చెప్పండి; రెండోవారు రాసుకుంటారు. గొట్టాన్ని నిలువునా 7.3 డిగ్రీలు దించి, పక్కకు కదపకుండా వదిలేయండి. 4 నిమిషాలకు పొడవాటి మసక మరక చూపులోకి జారుకుంటూ వస్తుంది.

నింగిచూపు:
ఎత్తు కొలిచే స్కేలు లేకపోతే?

చుక్కలబాట:
ఫోన్‌లో కోణం చూపే యాప్ చాలు, గొట్టానికి కట్టి తేడా మాత్రమే చూడండి. ఐపీస్ (కన్ను పెట్టి చూసే కటకం) కనీసం ఒక డిగ్రీ వెడల్పు ఆకాశం చూపించాలి. పీఠం మట్టంగా లేకపోతే దించేటప్పుడు గొట్టం పక్కకు వాలుతుంది, ముందు అది సరిచూసుకోండి. రాసేవారి ఎర్ర దీపం చూసేవారి కంట పడకూడదు.